చీటీ పారేయకండి

వేదిక మీది పెద్దలకు, నా దగ్గర చదువుకుని ఇవాళ పెద్ద ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు, మన విశాఖ పిల్లలకు నమస్కారం. అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని బిస్బీ రాగి గనుల చరిత్ర చెప్పమన్నారు. చెబుతాను.

అక్కడ 1880లో కాపర్ క్వీన్ గని మొదలైంది. 1975లో తవ్వకాలు ఆగిపోయాయి. తీసిన రాగి తీగలైంది, గొట్టాలైంది. కార్మికులు కొలిమికి పోనివ్వకుండా అన్నం డబ్బాల్లో ఇంటికి తెచ్చుకున్న రాళ్లే ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి.

ఈ టేబుల్ మీద నీలంగా ఉన్నది అజురైట్, ఆకుపచ్చగా ఉన్నది మాలకైట్. రెండూ రాగి కార్బొనేట్లే. రాగీ గంధకమూ కలిసిన సల్ఫైడ్ ఖనిజానికి గాలీ నీరూ తగిలి, రాగి కరిగి, చుట్టూ ఉన్న సున్నపురాయితో కలిస్తే ఇవి పుడతాయి. ఒక్కోసారి అజురైట్ స్ఫటికం ఆకారం చెడకుండా లోపలంతా మాలకైట్ అయిపోతుంది. వెనక వరుస పిల్లలూ, ముందుకొచ్చి చూడండమ్మా.

నమీబియాలోని త్సుమేబ్ గనిలోనూ గొప్ప అజురైట్ దొరికింది. అదీ 1996లో మూతపడింది. ఆ రాయినీ ఈ రాయినీ కలిపేస్తే ఏది ఎక్కడిదో చాలాసార్లు రాయితో పాటు ఉంచే, ఊరు పేరు రాసిన చీటీయే చెప్పాలి.

చీటీ అంటే గుర్తొచ్చింది, చెప్పకుండా ఉండలేను. ఒక కాలేజీలో ఇన్‌స్పెక్షన్ వస్తోందని బీరువాలు సర్దారు. అగ్నిగుండాల రాగి ఖనిజాల చీటీలన్నీ చెత్తలో వేశారు. రాళ్లు మెరవాలని వార్నిష్ కూడా పూశారు! అగ్నిగుండాల ఎక్కడో లేదు, మన పల్నాడులోనే ఉంది. అక్కడ నల్లకొండలో రాగి, బండలమొట్టులో సీసం. ఇప్పుడు ఆ బీరువాలో ఏ రాయి ఏ కొండదో ఎవరు చెప్తారు? ఎవరో విద్యార్థులు ఎండలో కొండెక్కి, సుత్తి పట్టి తెచ్చిన రాళ్లండీ అవి. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

దయచేసి వార్నిష్ పూయకండి. దాచుకునే మాలకైట్ మీద యాసిడ్ వేయకండి, పొంగి పైమెరుపు పోతుంది. నెమలి రంగుల రాయని బజారులో అమ్మేది చాలాసార్లు యాసిడ్‌తో రంగు తెప్పించిన చాల్కోపైరైట్ అనే మామూలు రాగి ఖనిజం. మైలుతుత్తం స్ఫటికాలు గాజు పాత్రలో పెంచి, గనిలో దొరికాయని అమ్మేవాళ్లూ ఉన్నారు.

బిస్బీ చరిత్ర సగంలోనే ఆగింది, క్షమించండి. టీ తర్వాత ఇక్కడే ఉంటాను. మీ ఇళ్లలోని రాళ్లు ఎవరు, ఎక్కడి నుంచి, ఏ ఏడాది తెచ్చారో పెద్దవాళ్లను అడిగి ఈ రాత్రే రాసిపెట్టండి. కాగితాలు నేనే తెచ్చాను, తలా కొన్ని తీసుకెళ్లండి.