అతుక్కున్న షీటును పీకకండమ్మా

యాంకర్: నమస్కారం, చెప్పండమ్మా. ఎక్కడి నుంచి?

కాలర్: నల్గొండ దగ్గర నుంచి మేడం. సార్, మా నాయినకు షుగర్. బొటనవేలి కింద పుండు అయ్యి రెండు నెలలాయె. కొల్లాజెన్ షీటు పెట్టిన్రు. మూడో రోజు నేను కట్టు విప్పి చూస్తే అది పుండుకే అతుక్కుపోయింది. మెల్లగ పీకిన, రక్తం వచ్చింది సార్.

డాక్టర్: ఎన్నాళ్లకు విప్పమన్నారమ్మా?

కాలర్: వారం దాకా ముట్టద్దన్నరు. లోపల చీము పట్టిందేమోనని నాకే భయమైంది.

డాక్టర్: భయం వేస్తుంది, కాదనను. కానీ ఆ షీటు అతుక్కోవాల్సిందే. కొల్లాజెన్ అంటే మన చర్మంలో ఉండే ప్రొటీనే. పుండు చుట్టూ ఉన్న కణాలు దాన్ని పట్టుకునే లోపలికి పాకుతాయి. మీరు పీకినప్పుడు వాటినీ లాగేసినట్టయింది. నాన్నగారు ఏం పని చేసేవారు?

కాలర్: గీత పని సార్. ముప్పై ఏండ్లు తాళ్లెక్కిండు. పక్కనే ఉన్నడు, ఇస్తున్న.

డాక్టర్: పెద్దాయనా, మోకు మరీ బిగిస్తే ఏమైతది?

తండ్రి: పైకి జరగదు సారూ. వదులైతే మనిషే జారుతడు.

డాక్టర్: కణం సంగతీ అంతే. దాని ఒంటి మీద ఇంటిగ్రిన్లని సన్నని కొక్కేలుంటాయి. ముందు కొక్కెంతో కొల్లాజెన్‌ను పట్టుకుని ఒంటిని లాక్కుంటుంది, వెనకది వదిలేస్తుంది. పట్టు చాలకపోతే లాక్కోలేదు. పట్టు మరీ ఎక్కువైతే వెనక కొక్కెం ఊడిరాదు, ఉన్నచోటే పరుచుకుని ఉండిపోతుంది. 1997లో అమెరికా శాస్త్రవేత్తలు, కణాలు ఇలాగే పట్టుకునే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్ పూతను తక్కువా ఎక్కువా చేసి చూశారు. పట్టు మధ్యస్థంగా ఉన్నప్పుడే కణాలు అన్నిటికంటే వేగంగా నడిచాయి. వేగమంటే ఎంతనుకున్నారు? వెంట్రుక మందం దాటడానికే గంటలు పడుతుంది. అందుకే వారం ముట్టవద్దన్నది.

యాంకర్: షీట్లు చేసేవాళ్లు ఇవన్నీ చూసుకుంటారా డాక్టర్ గారూ?

డాక్టర్: చూసుకోవాలి మరి. 1981లో బోస్టన్‌లో బర్క్ అనే సర్జన్, యానస్ అనే ప్రొఫెసర్ కాలిన గాయాలకు కృత్రిమ చర్మం వాడి చూపించారు. నాకు చాలా ఇష్టమైన పని అది. కింద ఆవు కొల్లాజెన్, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన పదార్థం కలిపిన పొర. కణాలు దూరేలా నిండా చిల్లులు. పైన సిలికోన్. కణాలు కింది పొరలోకి పాకి కొత్త చర్మం కట్టుకుంటాయి. సిలికోన్‌ను తర్వాత తీసేస్తారు.

కాలర్: ఇప్పుడేం చెయ్యాలె సార్?

డాక్టర్: రక్తం వచ్చింది కాబట్టి ఇవాళే మీ డాక్టరుకు చూపించండి. మళ్లీ షీటు పెడితే, వాళ్లు చెప్పిన రోజు దాకా విప్పొద్దు. పైన కట్టిన గాజుగుడ్డ ఎండిపోయి అంటుకుంటే సెలైన్‌తో తడిపి, నానాకే తీయాలి. చెడు వాసన, చీము, చుట్టూ ఎరుపు, జ్వరం ఉంటే మాత్రం వారం దాకా ఆగొద్దు, వెంటనే వెళ్లండి. షుగర్ అదుపులో లేకపోతే ఆ కణాల నడకే మందగిస్తుంది. మందులు తప్పొద్దు.

తండ్రి: మరి నేను నడవచ్చునా సారూ?

డాక్టర్: ఆ వేలి మీద బరువు పడొద్దు పెద్దాయనా. స్పర్శ తగ్గి ఉంటుంది, నొప్పి తెలియదు. అడుగేసిన ప్రతిసారీ లోపల కొత్త కండ నలుగుతుంది. బరువు పడకుండా చెప్పు చేయించుకోవచ్చేమో ఇవాళే అడగండి. అది వచ్చేదాకా బాత్రూంకు కూడా బిడ్డ భుజం పట్టుకునే వెళ్లండి.

తండ్రి: సరే సారూ.