పిల్లల గదిలో ఎవరి ఫోను?

శ్రోతలకు నమస్కారం.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2025 సెప్టెంబరు 26 నుంచి చైల్డ్‌కేర్ కేంద్రాల సిబ్బంది, పిల్లలతో ఉన్నంతసేపు తమ సొంత ఫోనును దగ్గర ఉంచుకోకూడదు. ఫోను ఒక్కటే కాదు, ఫొటో తీయగల ట్యాబ్లెట్, కెమెరా, స్మార్ట్ వాచీ, తీసిన ఫొటోను దాచుకోగల పెన్ డ్రైవు, మెమరీ కార్డు కూడా ఈ నిషేధం కిందికే వస్తాయి. దీనిని పాటించని కేంద్రానికి 50,000 డాలర్ల వరకు జరిమానా ఉంటుందని ప్రభుత్వం ముందే ప్రకటించింది. మెల్బోర్న్ పడమటి శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ నిబంధన రెండు వైపుల నుంచి తగులుతుంది. ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రులు తమ పసివాళ్లను ఈ కేంద్రాల్లోనే వదిలి వెళ్తారు. అక్కడికి వెళ్లాక సర్టిఫికెట్ త్రీ, డిప్లొమా అనే శిశు సంరక్షణ కోర్సులు చదివి ఈ కేంద్రాల్లోనే ఎడ్యుకేటర్లుగా, అంటే పిల్లలను చూసుకుంటూ నేర్పే ఉద్యోగులుగా, చేరిన తెలుగు మహిళలూ ఉన్నారు. అందుచేత ఈ నిబంధన ఎందుకు వచ్చింది, ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అనే సంగతులు ఈ ప్రసంగంలో చెప్పదలచాను.

దీని వెనుక ఉన్న చరిత్ర వినడానికి బాధ కలిగించేది. బ్రిస్బేన్ నగరంలో చాలా ఏళ్లు చైల్డ్‌కేర్ ఉద్యోగిగా పనిచేసిన ఒక వ్యక్తి, 2003కూ 2022కూ మధ్య పిల్లలపై చేసిన 307 నేరాలను కోర్టులో ఒప్పుకున్నాడు. 2024 నవంబరులో కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసి, 27 ఏళ్లు గడిచేవరకు పెరోల్ కోరడానికి వీలులేదని తీర్పు చెప్పింది. అతడు తీసిన దృశ్యాలు ఇంటర్నెట్ చీకటి మూలల్లో 2014 నాటికే పోలీసుల కంటబడినా, అవి ఎక్కడ తీసినవో తెలియడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. దృశ్యాల వెనుక భాగంలో కనిపించిన చిన్న చిన్న వివరాలను పట్టుకుని 2022లో దర్యాప్తు అధికారులు ఒక కేంద్రాన్ని గుర్తించగలిగారు. ఒకసారి బయటికి పోయిన చిత్రాన్ని వెనక్కి రప్పించడం ఎవరి వల్లా కాదని, అది తీసిన గదిని వెతకడం కూడా ఎంత కష్టమో ఈ ఎనిమిదేళ్లను చూస్తే అర్థమవుతుంది.

బ్రిటన్‌కు ఈ అనుభవం ఇంకా ముందే కలిగింది. ప్లిమత్ నగరంలోని ఒక నర్సరీలో పనిచేస్తున్న ఉద్యోగిని, తన సంరక్షణలో ఉన్న పిల్లల చిత్రాలను మొబైల్ ఫోనుతో తీసి ఇతరులకు పంపినట్టు 2009లో బయటపడింది. ఆ తరువాత ఇంగ్లండ్‌లో ప్రతి నర్సరీ, మొబైల్ ఫోన్లు, కెమెరాల వాడకంపై ఒక రాతపూర్వక విధానాన్ని పెట్టుకోవడం తప్పనిసరి అయింది. అయితే అక్కడ ఫోన్లను పూర్తిగా నిషేధించమని చెప్పలేదు. విధానం ఎలా ఉండాలో చాలావరకు కేంద్రాలకే వదిలేశారు.

ఆస్ట్రేలియాలో కూడా మొదట అదే మెత్తదనం కనిపించింది. 2024 జూలైలో చైల్డ్‌కేర్ కేంద్రాల నాణ్యతను చూసే జాతీయ సంస్థ ఒక నమూనా నియమావళిని విడుదల చేసింది. పిల్లల ఫొటోలను కేంద్రం ఇచ్చిన పరికరాలతోనే తీయాలనీ, సొంత పరికరాలను పిల్లల దగ్గరికి తేకూడదనీ అందులో ఉన్నా, అది స్వచ్ఛందంగా పాటించవలసిన నియమావళి మాత్రమే. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2025 జూలై మొదటి తేదీన, మెల్బోర్న్‌లో ఒక చైల్డ్‌కేర్ ఉద్యోగిపై డెబ్బైకి పైగా అభియోగాలు మోపినట్టు పోలీసులు వెల్లడించారు. ఆరోపణలకు కేంద్రబిందువైన చోటు పాయింట్ కుక్‌లో, మనవాళ్లు ఎక్కువగా ఉండే పేటలోనే ఉంది. మొదట్లోనే దాదాపు 1,200 మంది పిల్లలకు ముందుజాగ్రత్తగా వైద్య పరీక్షలు చేయించమని అధికారులు తల్లిదండ్రులకు లేఖలు రాశారు. ఆ వ్యవహారం న్యాయస్థానానికి సంబంధించినది కనుక దాని లోతుకు వెళ్లను. దాని తరువాత, స్వచ్ఛందంగా ఉన్న నియమం విక్టోరియాలో కొన్ని వారాల్లో నిర్బంధంగా మారింది. ఆగస్టులో సమావేశమైన కేంద్ర, రాష్ట్ర విద్యాశాఖ మంత్రులు ఇదే పద్ధతిని దేశమంతటికీ విస్తరింపజేయడానికి అంగీకరించారు.

ఈ నిబంధన విన్న ఎడ్యుకేటర్లలో చాలామందికి మొదట కలిగేది అవమానం. ఎవరో ఒక దుర్మార్గుడు చేసిన పనికి తమనందరినీ అనుమానిస్తున్నారని వారు బాధపడడంలో ఆశ్చర్యం లేదు. అయితే మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఫోను ఎలా పనిచేస్తుందో చూస్తే ఈ నిబంధన అవసరం మరింత స్పష్టంగా తెలుస్తుంది. మనం ఫొటో తీసిన మరుక్షణం అది క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లోని నిల్వ స్థలంలోకి, దానంతటదే వెళ్లిపోయేలా చాలా ఫోన్లు అమర్చి ఉంటాయి. ఇంట్లో అందరూ కలిసి వాడుకునే ఖాతా అయితే అదే ఫొటో భర్త ల్యాప్‌టాప్‌లోనూ, పిల్లల ట్యాబ్లెట్‌లోనూ ప్రత్యక్షమవుతుంది. వాట్సాప్‌లో ఒకరికి పంపబోయి మరొకరికి పంపడం మనందరికీ తెలిసిన పొరపాటే. ఫోను పోగొట్టుకున్నా, మరమ్మతుకు ఇచ్చినా, పాతదాన్ని అమ్మేసినా అందులోని పరాయి పిల్లల చిత్రాలు ఎవరి చేతికి చేరాయో చెప్పలేం. ఎంత నిజాయితీపరురాలైన ఎడ్యుకేటర్ అయినా తన ఫోనులోని ఫొటోకు తాను మాత్రమే యజమానినని ప్రమాణం చేసి చెప్పలేదు. పైగా ఏదైనా ఆరోపణ వచ్చిన రోజున, నా దగ్గర అసలు పరికరమే లేదు అని చెప్పగలగడం ఆమెకే రక్ష.

మినహాయింపులు లేకపోలేదు. ఉదాహరణకు, మధుమేహం ఉన్న ఉద్యోగికి ఒంటికి అంటించుకున్న సెన్సారు ఎప్పటికప్పుడు చక్కెర స్థాయిని ఫోనుకే పంపుతుంది. అటువంటివారు ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకుని ఫోను దగ్గర ఉంచుకోవచ్చు. గుండె పనితీరును గమనించే పరికరాలకూ, వైకల్యం ఉన్నవారికి అవసరమైన సాధనాలకూ, ఇంట్లో అత్యవసర పరిస్థితి నడుస్తున్నవారికీ ఇదే దారి. ఇక్కడ మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉదయం ఎనిమిదింటికి తల్లికి ఒంట్లో బాగాలేదని తెలిసి అన్నయ్య ఫోను చేస్తే, మెల్బోర్న్‌లో అప్పటికి మధ్యాహ్నమై, చెల్లెలు పిల్లల గదిలో ఉంటుంది. కేంద్రం ల్యాండ్‌లైన్ నంబరును స్వదేశంలోని ఇంట్లో వాళ్లకు ముందే రాసి ఇవ్వాలి. అటు కేంద్రం యాజమాన్యం కూడా ఆ కబురు వెంటనే గదిలోకి అందే ఏర్పాటు చేయాలి. ఫోనును లాకరులో పెట్టమని చెప్పడంతో యాజమాన్యం బాధ్యత తీరిపోదు.

సొంత ఫోను అసలు ఈ గదుల్లోకి ఎలా వచ్చిందో ఆలోచిస్తే, అందులో తల్లిదండ్రుల వాటా పెద్దదే. కొన్నేళ్లుగా చాలా కేంద్రాలకు ఒక యాప్ ఉంది. పాప ఏమి తిన్నది, ఎంతసేపు నిద్రపోయింది, రంగులు పూసిందా, ఇసుకలో ఆడిందా, అన్నీ ఫొటోలతో సహా రావాలి. అవి వచ్చిన నిమిషంలో గుంటూరులో ఉన్న అమ్మమ్మకూ కరీంనగర్‌లో ఉన్న నానమ్మకూ చేరాలి. మధ్యాహ్నం దాటినా ఫొటో రాకపోతే కేంద్రానికి ఫోను చేసి అడిగేవాళ్లున్నారు. గదికి ఉన్న ఒక్క ట్యాబ్లెట్ చార్జింగులో ఉన్నప్పుడు ఎడ్యుకేటర్ చేయి సహజంగానే తన జేబులోని ఫోను మీదికి పోతుంది. ఆ పని ఆమె చేసింది మన కోరిక తీర్చడానికే. ఫొటోలు తీసి, వాటి కింద నాలుగు వాక్యాలు రాసే సమయం ఎక్కడి నుంచో ఊడిపడదు, పిల్లలతో గడపవలసిన సమయంలోంచే తగ్గుతుంది. ఈ నిషేధం వల్ల ఫొటోలు తగ్గితే, దానిని నష్టంగా లెక్కవేయడం మానుకోవాలని నా అభిప్రాయం.

ఇక లోపాల మాటకు వస్తే, ఆరుగురు ఉద్యోగులు ఒకే పాస్‌వర్డుతో వాడే ట్యాబ్లెట్, సొంత ఫోను కంటే పెద్దగా మెరుగైనది కాదు. ఎవరు ఏ ఫొటో తీశారో దాంట్లో తెలియదు. ఉద్యోగం మానేసిన వ్యక్తి ఖాతాను ఆ రోజే మూసివేయకపోతే, అతడు ఇంట్లో కూర్చునే పిల్లల ఫొటోలు చూడగలడు. కేంద్రం ట్యాబ్లెట్ రాత్రికి ఎవరి ఇంటికి వెళ్తుందో కూడా చూసుకోవాలి.

అంతకంటే పెద్ద విషయం మరొకటి ఉంది. ఫోను నేరానికి సాధనం, నేరానికి అవకాశం ఇచ్చేది ఏకాంతం. విక్టోరియాలో మూడేళ్ల లోపు పిల్లలు నలుగురికి ఒక ఎడ్యుకేటర్, మూడు దాటినవారిలో పదకొండు మందికి ఒకరు ఉండాలని నియమం. ఒకరు సెలవు పెట్టి, మరొకరు భోజనానికి వెళ్లిన వేళ, డైపరు మార్చే చోట ఒక పెద్ద మనిషి, ఒక పసివాడు మాత్రమే మిగిలిపోతే, గోడలకు గాజు కిటికీలున్నా చూసేవారెవరు? అదనంగా ఒక మనిషిని పెట్టుకోవడం ఖర్చుతో కూడిన పని, ఫోన్లు లాకరులో పెట్టించడానికి పెద్దగా ఖర్చు లేదు. ప్రభుత్వాలు రెండో పనిని ముందు చేయడంలో తప్పు లేదు, కానీ అక్కడితో ఆగిపోతాయేమోనన్న సందేహం నాకుంది. పిల్లలపై శారీరక, లైంగిక వేధింపుల సంఘటనలను, ఆరోపణలను నియంత్రణ సంస్థకు తెలియజేసే గడువును 2025 సెప్టెంబరు నుంచి ఏడు రోజుల నుంచి 24 గంటలకు తగ్గించడం, నా దృష్టిలో ఫోను నిషేధం కంటే గట్టి చర్య.

మన రాష్ట్రాల సంగతి కొంచెం భిన్నంగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. 2021లో పిల్లల పోషణ వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చినప్పటి నుంచి అంగన్‌వాడీ టీచరు పనిలో ఫోను విడదీయరాని భాగమైంది. ప్రభుత్వం ఇచ్చిన ఫోను పాతబడి మొరాయిస్తే టీచరు తన సొంత ఫోనులోనే యాప్ నడుపుకోవలసి వస్తుంది. కేంద్రం నడుస్తున్నట్టు రుజువుగా పిల్లల ఫొటోలను వాట్సాప్ గ్రూపులో పెట్టమని పైవారు అడిగినప్పుడు కాదనే వీలు ఆమెకు ఉండదు. పిల్లలకు సంబంధించిన అశ్లీల చిత్రాలను తీయడమే కాక, దగ్గర దాచుకోవడాన్ని కూడా లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం శిక్షిస్తుంది, కానీ రోజువారీ మామూలు ఫొటో ఎక్కడ నిల్వ ఉంటుందన్నది ఆ చట్టం పరిధిలోని ప్రశ్న కాదు. ఫొటో కావాలని అడిగేది ప్రభుత్వ యంత్రాంగమే అయినప్పుడు, మంచి ఫోను ఇచ్చి, ఫొటోల సంఖ్య తగ్గించి, వాట్సాప్‌ను పక్కన పెట్టవలసింది కూడా ఆ యంత్రాంగమే. టీచరు మీదికి నెపం నెట్టడం న్యాయం కాదు.

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ప్రైవేటు డేకేర్‌లో, లేదా మెల్బోర్న్ కేంద్రంలో బిడ్డను చేర్చేటప్పుడు తల్లిదండ్రుల చేతికి ఒక అనుమతి పత్రం ఇస్తారు. ఇంటివాళ్లకు పంపే యాప్‌కు, కేంద్రం గోడ మీద అంటించడానికి, ఫేస్‌బుక్ పేజీలో ప్రచారానికి, ఈ మూడింటికీ ఒకే సంతకం అడుగుతుంటే, వేటికి ఒప్పుకుంటున్నారో విడివిడిగా రాసి ఇవ్వండి. పండుగ వేడుకకు వెళ్లినప్పుడు మీ ఫోనులో పక్క పిల్లవాడు పడతాడు కనుక, అక్కడ సందర్శకులకు ఉన్న నియమం ఏమిటో కూడా తెలుసుకోండి. బిడ్డ ఆ కేంద్రం వదిలి బడిలో చేరాక, అప్పటివరకు తీసిన ఫొటోలను ఎన్నాళ్లకు తొలగిస్తారు, ఎవరు తొలగిస్తారు, తొలగించినట్టు మీకు తెలియజేస్తారా అని చేర్చే రోజునే అడిగి, జవాబును కాగితం మీద తీసుకోండి.

సెలవు.