ముందు తోట, తర్వాతే చేప

శ్రోతలకు నమస్కారం.

చేపల తొట్టె అనగానే చాలామందికి ఒకటే బొమ్మ గుర్తొస్తుంది. అడుగున నీలం రంగు గులకరాళ్లు, మూత తెరుస్తూ మూస్తూ బుడగలు వదిలే ప్లాస్టిక్ పెట్టె, మూలన రంగు వెలిసిన ప్లాస్టిక్ మొక్క, వాటి మధ్య తిరుగుతూ రెండు గోల్డ్‌ఫిష్‌లు. నా మొదటి తొట్టె అచ్చం అలాంటిదే. ఇవాళ మాట్లాడుకోబోయేది వేరే రకం. నిజం మొక్కలు వేళ్లూనుకుని పెరిగే మంచినీటి తొట్టె. ప్లాంటెడ్ అక్వేరియం అంటారు. బాగా కుదిరితే చెరువు అడుగు నుంచి ఓ ముక్క కోసుకొచ్చి గాజు వెనక పెట్టినట్టుంటుంది.

దాని సంగతికి వచ్చేముందు నా మొదటి తొట్టె ఏమైందో చెప్పాలి. తొట్టె, చేపలు, మేత అన్నీ ఒకే సాయంత్రం కొన్నాను. రాత్రికల్లా నీళ్లు నింపి చేపల్ని వదిలేశాను. వారం తిరక్కుండానే నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. మురికి పట్టింది కాబోలనుకుని, సెలవు రోజు చూసుకుని మొత్తం ఖాళీ చేశాను. గులకరాళ్లను కుళాయి కింద పెట్టి కడిగాను. ఫిల్టర్‌లోని స్పాంజిని పిండితే జిగటగా గోధుమరంగు మడ్డి కారింది. నీళ్లు తేటగా వచ్చేదాకా పిండుతూనే ఉన్నాను. చివరికి స్పాంజి కొత్తదానిలా అయింది. ఎంత తృప్తిగా అనిపించిందో! రెండు రోజులకి చేపలు నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తూ కనబడ్డాయి. సరిగ్గా కడగలేదేమోనని మళ్లీ కడిగాను. మూడోసారి కడిగేనాటికి తొట్టెలో చేపల్లేవు.

నేను అంత శ్రద్ధగా పిండి పారబోసిన మడ్డిలోనే వాటి ప్రాణం ఉందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

సంగతేమిటంటే, చేప తన మొప్పల్లోంచే అమోనియాను నీళ్లలోకి వదులుతూ ఉంటుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లినా అదే వస్తుంది. నదిలో అయితే కొట్టుకుపోతుంది. గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? చేప తన విషంలో తనే ఈదాలి. దీన్ని విరిచేసే బాక్టీరియా ఉన్నాయి. ఒక రకం అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మరీ పేరుకుపోతే తప్ప చేపలకు పెద్ద ప్రమాదం లేదు, పైగా మొక్కలకు ఎరువు. ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ తిరిగేవి కావు. రాళ్లకి, గాజుకి, ముఖ్యంగా స్పాంజికి అంటుకుని బతుకుతాయి. కొత్త తొట్టెలో ఇవి నిలదొక్కుకోవడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలితే చస్తాయి. నేను వాటిని మూడుసార్లు చంపాను.

ఆలస్యం అమృతం విషం అంటాం కదా, ఈ ఒక్క పనిలో మాత్రం తొందరే విషం. దాని పేరు అమోనియా.

మరి మొక్కలెందుకు? దీనికో పాత కథ ఉంది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అని ఒక రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. గాజు పాత్రలో సగానికి నీళ్లు పోసి, అడుగున ఇసుక, మట్టి, రాళ్లు పరిచి, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలి, వాలిస్నేరియా అనే మొక్క నాటాడు. పొడుగ్గా, రిబ్బను ముక్కలా ఉండే ఆకులు దానివి. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత ముదురు ఆకులు కుళ్లాయి, గాజుకి పాకుడు పట్టింది, నీళ్లు చెడిపోవడం మొదలైంది. అప్పుడాయన కొన్ని చెరువు నత్తల్ని తెచ్చి అందులో వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని, పాకుడుని తిన్నాయి. అవి పెట్టిన గుడ్లని చేపలు తిన్నాయి. నీళ్లు మార్చకుండానే తేటగా నిలిచాయి. 1850లో ఆయన ఈ సంగతిని అక్కడి కెమికల్ సొసైటీకి రాసి పంపాడు. ఇంకో నాలుగేళ్లకి, 1854లో, ఫిలిప్ గోస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట జనంలోకి వచ్చింది.

మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, అందుకే చేప బతుకుతోందని వారింగ్టన్ అనుకున్నాడు. అదీ నిజమే. కానీ మొక్క చేసే ఇంకో మేలు ఆయనకి తెలిసే వీల్లేదు. నీళ్లలోని అమోనియాను మొక్కలు నేరుగా పీల్చేసుకుంటాయి. బాక్టీరియా సంగతి తేలింది కూడా ఆ తర్వాతే, రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ వాటిని విడదీసి చూపించింది 1890 ప్రాంతంలో. కాబట్టి దట్టంగా మొక్కలున్న తొట్టెలో చేపకి రెండు కాపలాలు. ప్లాస్టిక్ మొక్కకి ఈ పని చేతకాదు.

సరే, పెట్టడమెలాగో చూద్దాం.

మొదటిసారి పెట్టేవాళ్లు చిన్న గాజు బౌల్‌తో మొదలుపెడతారు, చిన్నది కదా, సులువనుకుని. అది తిరగబడ్డ లెక్క. నీళ్లు తక్కువైనకొద్దీ విషం చిక్కగా చేరుతుంది, వేడి త్వరగా ఎక్కి త్వరగా దిగుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టె మొదటిసారికి హాయిగా సరిపోతుంది. అంచుల దాకా నింపితే 54 లీటర్లు. అంటే నీళ్లే 54 కిలోలు. గాజు, మట్టి, రాళ్లు కలిపితే 70 దాటుతుంది. అందుకని ఊగే బల్ల మీద వద్దు. నీళ్లు పోశాక జరపడం కుదరదు, ఆ చోటెక్కడో ముందే తేల్చుకోండి. కిటికీ పక్కన ఎండ నేరుగా పడేచోటు అసలు వద్దు. ఎండకి మొక్కలకంటే ముందు పాచి సంతోషిస్తుంది.

అడుగున వేసే మట్టి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే తర్వాత మార్చాలంటే మొత్తం పీకాల్సిందే. కడిగిన గులకరాళ్లలో మొక్కకి తిండి ఉండదు. రెండు దారులున్నాయి. ఒకటి, ఇందుకోసమే గింజల్లా కాల్చి తయారుచేసిన మట్టి, ఆక్వాసాయిల్ అని దొరుకుతుంది. రెండోది, ఎరువులు, పురుగుమందులు కలవని మామూలు తోట మట్టి. రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిచి, పైన అంతే మందాన ఇసుకో సన్న గులకో కప్పాలి. ఈ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్. నా ఓటు దీనికే. వెనక వైపు ఎత్తుగా, ముందుకి వాలుగా పరిస్తే తొట్టె లోతుగా కనిపిస్తుంది.

నీళ్లు పోయడంలో అందరూ ఒకసారి దెబ్బతింటారు. బకెట్ ఎత్తి కుమ్మరిస్తే గంటసేపు పరిచిన ఇసుక అర నిమిషంలో గుంటపడి, కింది మట్టి పైకి లేచి, తొట్టె వరద కాలవలా అవుతుంది. ఇసుక మీద ఒక ప్లేటు పెట్టండి. ఆ ప్లేటు మీద నీళ్లు సన్నగా, ఓపిగ్గా పోయండి. నీళ్లు పెరిగేకొద్దీ ప్లేటు అంచుల మీదుగా మెల్లగా జారి పరుచుకుంటాయి. ఇక కుళాయి నీళ్లయితే, ఒక రోజు నిల్వ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. కొన్నిచోట్ల క్లోరిన్ బదులు క్లోరమిన్ కలుపుతారు, అది నిల్వకి పోదు. క్లోరిన్‌ని విరిచే చుక్కల మందు ఒక సీసా దగ్గర పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

మొక్కలు నాటడానికి సగం నీళ్లు చాలు. పొడుగు పట్టకారు కావాలి. కాడ మొక్క అయితే కింది రెండు కణుపుల ఆకులు తుంచేసి, కాడని ఏటవాలుగా గుచ్చి, పట్టకారు కొంచెం వదులు చేసి మెల్లగా వెనక్కి లాగాలి. లాగగానే మొక్క కూడా పైకి తేలి వస్తుంది. మళ్లీ గుచ్చాలి. పదో మొక్కకి చెయ్యి తిరుగుతుంది.

మొదటిసారికి మొండి మొక్కలే తీసుకోండి. జావా ఫెర్న్, అనుబియాస్ రెండూ తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి. వీటికో షరతు ఉంది. వేళ్ల పైన లావుగా అడ్డంగా ఉండే దుంప లాంటి కాండాన్ని మట్టిలో పాతకూడదు, పాతితే కుళ్లుతుంది. రాయికో చెక్కకో దారంతో కట్టేస్తే చాలు, వేళ్లు వాటంతటవే పట్టుకుంటాయి. వారింగ్టన్ నాటిన వాలిస్నేరియా ఇప్పటికీ మంచి ఎంపికే. క్రిప్టోకొరైన్ అందంగా ఉంటుంది కానీ అలగడం దాని స్వభావం. చోటు మారిస్తే వారంలో ఆకులన్నీ గాజులా మారి కరిగిపోతాయి. చచ్చిందనుకుని పీకేయకండి. వేరు బతికే ఉంటుంది, కొత్త ఆకు వేస్తుంది. మిగతా చాలా మొక్కలూ మొదట్లో ఆకులు రాలుస్తాయి. కారణం, నర్సరీల్లో ఎక్కువగా వాటిని నీటి పైన, తడి గాలిలో పెంచుతారు. ఆ ఆకులు నీళ్లలో పనికిరావు. మునిగి బతకడానికి పలచటి కొత్త ఆకులు తొడుక్కోవాలి.

ఇక దీపం. మొక్కలు బాగా పెరగాలని రోజంతా లైటు వేసి ఉంచేవాళ్లున్నారు. పెరుగుతుంది, పాచి. మొదటి నెల 6 గంటలు చాలు, తర్వాత 8 దాకా పెంచవచ్చు. ఒక టైమర్ పెట్టుకోండి, మన మతిమరుపుకి అదే మందు. వెలుతురు ఎంత ఇచ్చినా నీళ్లలో మొక్కకి కార్బన్ డయాక్సైడ్ కరువే, ఎందుకంటే గాలిలోకంటే నీటిలో ఆ వాయువు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అందుకే కొందరు సిలిండర్ పెట్టి బుడగలుగా పంపుతారు. జపాన్‌కు చెందిన తకాషి అమానో ఈ పద్ధతితో నీళ్ల కింద అడవులు, కొండలు సృష్టించాడు. లిస్బన్‌లోని ఓషనేరియంలో ఆయన కూర్చిన తొట్టె పొడవు 40 మీటర్లు, నీళ్లు 1,60,000 లీటర్లు. 2015లో అది తెరిచారు, అదే ఏడాది ఆయన చనిపోయాడు. ఆయన తొట్టెల ఫొటోలు చూసి మొదటి రోజే సిలిండర్ కొనకండి. వాయువు మోతాదు మించితే తెల్లారేసరికి చేపలు పైకి తేలతాయి. నేను చెప్పిన మొండి మొక్కలకి దాని అవసరమే లేదు.

ఇప్పుడు తొట్టె నిండింది, మొక్కలు నిలబడ్డాయి, ఫిల్టర్ తిరుగుతోంది. చేపల్లేవు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చేపలేవీ అని అడుగుతారు. ఓర్చుకోవాలి. రెండో వారంలోనో మూడో వారంలోనో గాజు మీద, ఆకుల మీద గోధుమరంగు పొడిలా పాచి పడుతుంది. వేలితో రాస్తే వచ్చేస్తుంది. కొత్త తొట్టెలన్నిటికీ వచ్చేదే, కొన్ని వారాల్లో తగ్గుతుంది. వారానికోసారి మూడో వంతు నీళ్లు తీసి కొత్తవి పోస్తూ ఉండండి. అమోనియా, నైట్రైట్ చూసే టెస్ట్ కిట్ ఒకటి కొనండి. నా మటుకు అలంకరణ రాళ్లకంటే ముందు కొనాల్సింది అదే. చేపల్లేకున్నా, రాలిన ఆకులు కుళ్లి మొదట అమోనియా పెరుగుతుంది, అది దిగుతుంటే నైట్రైట్ పెరుగుతుంది, తర్వాత అదీ దిగుతుంది. రెండూ సున్నా దగ్గర నిలిచాకే చేప.

అప్పుడు కూడా ఒకేసారి పాతిక వద్దు. నియాన్ టెట్రాలు గుంపుగా ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి కాబట్టి కనీసం ఆరు. గప్పీలు మొండివి, పైగా గుడ్లు కాకుండా పిల్లల్నే పెడతాయి, వాటి సంఖ్య మీ చేతిలో ఉండదు. పాచి తినడానికి అమానో రొయ్యలున్నాయి, ఆ తొట్టెల మనిషి పేరే. గోల్డ్‌ఫిష్ మాత్రం వద్దు. మొక్కల్ని తింటుంది, తినలేనిదాన్ని పీకుతుంది. తెచ్చిన కవరుని పావుగంట సేపు నీళ్ల మీద తేలనిచ్చి, లోపలి నీళ్ల వేడి సమానమయ్యాక చేపల్ని వదలండి. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి.

స్పాంజి మాటేమిటంటారా? నెలకోసారి నేనూ పిండుతాను. నీళ్లు మార్చేటప్పుడు తొట్టెలోంచి తీసిన నీళ్లు బకెట్లో ఉంటాయి కదా, అందులోనే రెండుసార్లు ముంచి పిండి, ఇంకా గోధుమరంగుగా ఉండగానే తిరిగి పెట్టేస్తాను. కుళాయి దాకా తీసుకెళ్లను.

మూడు నాలుగు నెలలకి మొక్కలు నీటి పైకి వచ్చి, కింద చీకటి చేస్తాయి. కత్తిరించాలి. కత్తిరించిన ముక్కల్ని చెరువులోనో కాలవలోనో పడేయకండి. గుర్రపు డెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి అందం కోసం ఊళ్లు దాటించిన మొక్కే, అదెన్ని చెరువుల్ని మూసేసిందో మీకు తెలుసు. కాడ ముక్కల్ని మళ్లీ మట్టిలో గుచ్చితే వేళ్లు పోస్తాయి. ఇంకా మిగిలితే తెలిసినవాళ్లకి ఇవ్వండి. ఇచ్చేముందు ఆకుల అడుగున ఓసారి చూడండి. ఎంత కడిగినా ఎక్కడో ఒక నత్త అంటుకునే ఉంటుంది. అది ఒకటిగా వెళ్లి రెండు నెలల్లో వందవుతుంది. ఆ మాట ముందే చెప్పి ఇస్తే స్నేహం నిలుస్తుంది.

నమస్కారం.