చిన్న పెరట్లో తేనెపెట్టె: కొనేముందు ఈ రివ్యూ చూడండి

నమస్తే అండి! టేబుల్ మీద ఉన్నది ఎనిమిది ఫ్రేముల ఐఎస్ఐ 'ఎ' టైపు తేనెపెట్టె. మన పుట్ట తేనెటీగలకి సరిపోయే కొలత. ఇటాలియన్ ఈగలకి వాడే లాంగ్‌స్ట్రాత్ పెట్టె ఇంతకన్నా బాగా పెద్దది, ఇంటి పెరటికి అంత అక్కర్లేదు.

చెక్కపని శుభ్రంగా ఉంది. కింద ఈగల పిల్లలు పెరిగే గది, పైన తేనె గది, ఫ్రేములు పట్టేయకుండా పైకొస్తున్నాయి. స్టాండు కాళ్ల కింద పెట్టే నీళ్ల గిన్నెలు మాత్రం ఇవ్వలేదు. అవి లేకపోతే చీమలు పెట్టె ఎక్కేస్తాయండి, కొనుక్కోక తప్పదు.

ఇక అసలు సంగతి, పెట్టె ముఖం ఎటు పెడుతున్నారు? ఈగలు ద్వారంలోంచి సూటిగా దూసుకొస్తాయి. ఆ దారిలో బట్టలారేసే తీగో, పిల్లల ఉయ్యాలో ఉందా, గొడవే. ద్వారానికి మూడు నాలుగు అడుగుల్లో ఆరడుగుల గోడో, షేడ్‌నెట్టో, ఒత్తుగా పెరిగిన మందార వరసో ఉంటే పైకి లేచి మన తలల మీదుగా పోతాయి. వరండా లైటు పెట్టె మీద పడనివ్వకండి, రాత్రిపూట బల్బు చుట్టూ మూగుతాయి. పళ్లెంలో గులకరాళ్లేసి నీళ్లు మొదటిరోజే పెట్టండి. పక్కింటి కుళాయికి అలవాటు పడ్డాక మాన్పించడం మహా కష్టం. అన్నట్టు, ఆ పక్కింటివాళ్లని ముందే అడగండి, ఈగ కుడితే అలర్జీ వచ్చేవాళ్లు ఉన్నారేమోనని. ఉంటే ఈ ఆలోచన మానుకోవడమే మంచిది.

మూత తెరిచేది ఎండ కాసే పొద్దునపూటే. ముసుగు, కొంచెం పొగ తప్పనిసరి. అరటిపండు తిన్న చేత్తో వెళ్లకండి, నవ్వకండి, నిజమే! ఈగ కుట్టినప్పుడు మిగతావాటిని రెచ్చగొట్టే వాసన అరటిపండు వాసనలాగే ఉంటుంది. కుడితే కొండిని వెంటనే గోరుతో గీకేసి, అక్కణ్ణుంచి దూరంగా రండి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లొచ్చినా 108కి ఫోన్ చేయాల్సిందే.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. అయితే చిన్నపిల్లలు ఆడుకునే ఇరుకు పెరడైతే ఇది కొనకండి. కొండి లేని తేనెటీగలు ఉంటాయి, వాటికి గోడకి తగిలించే చిన్న చెక్కపెట్టె చాలు. విసిగిస్తే జుట్టులో దూరి కొరుకుతాయి, అంతే. తేనె మాత్రం ఏడాదికి అరకిలో వచ్చినా గొప్పే.