నర్సమ్మా నేనే, అప్పలనరసమ్మా నేనే

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు చదవమని చీటీ ఇచ్చారు గానీ, ఇంటిపేర్లూ బిరుదులతో చదివితే నా టైమంతా అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

ఈ రోజు గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. 1863 ఆగస్టు 29న మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని పోట్లాడారు, గెలిచారు కూడా. పుస్తకాల్లోకి వచ్చింది సరే, ఆఫీసుల్లోకి ఎప్పుడొస్తుందండీ? నేను దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ణి, నా గొడవంతా అక్కడే.

మనవైపు అప్పలనరసమ్మ అని పెడతాం, నర్సమ్మ అని పిలుస్తాం. సత్యనారాయణ సత్తిబాబు అయిపోతాడు. పేరు చెప్పను గానీ, అలాంటి ఒక నర్సమ్మే నా దగ్గరికొచ్చింది. భర్త పోయాడు. ఆయన బ్యాంకు ఖాతాలో నామినీ నర్సమ్మ, ఆధార్‌లో అప్పలనరసమ్మ. ఈవిడ ఆవిడేనని రుజువేంటి అన్నారు. "రెండు పేర్లూ నానే బాబూ" అందావిడ, వేలిముద్ర వేయడానికి బొటనవేలు ముందే చాపి. అఫిడవిట్ తెమ్మన్నారు. తెస్తే, స్టాంపు సరిగ్గా పడలేదన్నారు!

పూర్తి పేరు వద్దని నేననడం లేదు. ఒక్కో వీధిలో నలుగురు నర్సమ్మలుంటారు, పొలం ఎవరిదో కాగితానికి తెలియాలి కదా. కానీ రైల్వే స్టేషన్లో మన ఊరి బోర్డు ఇంగ్లీషులో ఎప్పుడైనా నిదానంగా చదివారా? తెలుగులో విజయనగరం, ఇంగ్లీషులో జెడ్ పెట్టి విజియనగరం, మన నోట్లో ఇజీనారం. శ్రీకాకుళాన్నయితే దొరలు చికాకోల్ అనే రాసుకున్నారు. 1979 జూన్ 1న మనకి విజయనగరం జిల్లా వచ్చినా ఆ జెడ్ అలాగే ఉంది. ఊరిని అఫిడవిట్ ఎవరడిగారు? నర్సమ్మని మాత్రం అడుగుతారు.

ఇక్కడ చాలామంది కుర్రాళ్లున్నారు, మీకే చెప్తున్నా. ఇంటికెళ్లి అమ్మమ్మ, నాయనమ్మల ఆధార్, పాస్‌బుక్, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టి చూడండి. అక్షరం తేడా ఉన్నా వాళ్లుండగానే సరిచేయించండి. దస్తావేజు రాయించుకుంటే మధ్యలో అలియాస్ అని పెట్టి రెండు పేర్లూ రాయమనండి, రాసేవాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. ఆ మనిషి పోయాక అయితే వారసుల సర్టిఫికెట్ కూడా కావాలి, దాని సంగతి మొదలెడితే మీకు భోజనాలు చల్లారిపోతాయి.