క్రికెట్ బాగా తెలిస్తే బెట్టింగ్‌తో బతకొచ్చా? తరుగు లెక్క చూద్దాం

నమస్తే. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో రూము తీసుకుని చదువుకునే కుర్రాళ్ల దగ్గర ఈ మధ్య ఒకటే మాట వింటున్నా. "అన్నా, మిగతావాళ్లు గుడ్డిగా వేస్తారు. నాకు క్రికెట్ బాగా తెలుసు. కోట్లేమీ అక్కర్లేదు, నెలకి రూము అద్దె, మెస్ ఖర్చు వస్తే చాలు." వింటే ఒళ్లు మండుతుంది. ఎందుకంటే వాడికి నిజంగానే క్రికెట్ తెలుసు. తెలియనిది బుకీ, అంటే పందేలు కట్టించుకునేవాడు, ఇచ్చే రేటు.

పందెం వేయడానికి బుకీ మనుషులు ఐడీ, అంటే లాగిన్, ఎలా ఇస్తారు, రేట్లు చెప్పే ఫోన్ లైన్ ఎలా నడుస్తుంది, ఇవన్నీ ఇప్పుడు వద్దు. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

(స్క్రీన్ మీద: 1.90 – 1.90)

రెండు సమానమైన జట్లు. ఎవరి మీద వేసినా రేటు 1.90. అంటే వంద పెట్టి గెలిస్తే 90 లాభం, ఓడితే మొత్తం వందా పోతుంది. ఇలా వంద పందేలు వేసి 50 గెలిచారనుకోండి. వచ్చింది 4,500, పోయింది 5,000. సగం కరెక్ట్‌గా చెప్పినా 500 నష్టం. మీరు తిప్పిన పది వేలలో అది ఐదు శాతం.

ఆ ఐదు శాతం ఎక్కడికి పోయిందో మన శ్రీకాకుళం జిల్లావాళ్లకి వేరే చెప్పాలా? ఉద్దానం రైతు జీడిపిక్కల బస్తా పలాస తీసుకెళ్లాడనుకుందాం. 80 కేజీల బస్తా. వ్యాపారి నాలుగు కేజీలు తరుగు తీశాడు. రైతుకి కడుపు మండుతుంది, కానీ ఏడాదికి ఒక పంట కాబట్టి ఒకసారి తీయించుకుని ఇంటికెళ్తాడు. ఇప్పుడు అదే బస్తాని రోజూ సాయంత్రం అదే కాటా మీదకి ఎక్కించే రైతుని ఊహించుకోండి. ఎక్కించిన ప్రతిసారీ ఐదు శాతం తరుగు. 80 కాస్తా 76, తర్వాత 72 చిల్లర. పద్నాలుగోసారి దింపేటప్పటికి 40 కేజీలు కూడా ఉండవు. పిక్కలు ఎవరూ దొంగిలించలేదు, తూకంలో మోసమూ లేదు. తరుగే తినేసింది. 1.90 రేటులో బుకీ తీసేదీ ఇలాంటి తరుగే.

సరదాకి ఫైనల్ రోజు ఒక్కటి వేసేవాడు ఒకసారి తూయించినవాడు. బెట్టింగ్‌తో బతుకుతానన్నవాడు రోజూ కాటా ఎక్కించాలి. ఐపీఎల్ ఒక్కదానిలోనే డెబ్బైకి పైగా మ్యాచ్‌లు, ఒక్కో మ్యాచ్‌లో ఎన్ని ఫ్యాన్సీలో, అంటే ఈ ఓవర్లో ఎన్ని పరుగులు లాంటి చిల్లర పందేలో, లెక్కే లేదు. బతుకుతెరువు చేసుకుందామన్న ఆ ఆలోచనే తరుగుని పెంచుతుంది.

"ఖాయంగా గెలిచే జట్టు మీదే వేస్తా" అనేవాళ్లున్నారు. ఆ జట్టు గెలుస్తుందని మీకు తెలిసినట్టే బుకీకీ తెలుసు, అందుకే రేటు 1.10 ఇస్తాడు. వందకి పది. పదకొండు మ్యాచ్‌ల్లో పది కరెక్ట్‌గా చెప్పి ఒక్కటి తప్పితే మీకు మిగిలేది సున్నా. మీ పిక్కలు మంచివైతే చాలదు, వ్యాపారి అనుకున్నదానికన్నా మంచివై ఉండాలి. అతను రోజూ వేల బస్తాలు చూసేవాడు.

ఇంకో జబ్బు డబ్లింగ్. ఓడితే రెట్టింపు వేస్తారు, ఎప్పుడో ఒకసారి గెలిస్తే అంతా తిరిగొస్తుందని నమ్ముతారు. 100, 200, 400, 800 వరసగా పోయాయి. మొత్తం 1,500. ఐదోసారి 1,600 వేసి గెలిచారు. 1.90 రేటుకి వచ్చిన లాభం 1,440. గెలిచాక కూడా 60 నష్టం! దీన్ని సిస్టమ్ అని చెప్పి డబ్బు తీసుకుని నేర్పేవాళ్లని చూస్తే నాకు నిజంగా అసహ్యం వేస్తుంది.

సరే, మీరు నిజంగానే ఘటికులు అనుకుందాం. 1.90 రేటుకి నష్టం లేకుండా బయటపడాలంటేనే దాదాపు 53 శాతం గెలవాలి. మీరు 55 గెలుస్తున్నారు, చాలా గొప్ప. వంద పందేలకి వంద చొప్పున వేస్తే మిగిలేది 450 రూపాయలు. నెలకి ఆ వంద పందేలతోనే 15 వేలు కావాలంటే ఒక్కో పందెం 3,300 పైన ఉండాలి. ఏడు వరసగా పోయాయంటే 23 వేలు ఎగిరిపోయినట్టే. ఇంత ఆడే ఘటికుడికి కూడా అది అరుదైన సంగతేమీ కాదు. ఈలోగా అద్దె కట్టే తేదీ వస్తుంది. ఆ తేదీ కోసం వేసే పందెంలో మీ క్రికెట్ బుర్ర పనిచేయదు, టెన్షన్ పనిచేస్తుంది.

మరి సీనియర్ సంపాదించాడు కదా అంటారు. బొమ్మాబొరుసు వేసి ఆడినా వందలో 55, అంతకన్నా ఎక్కువ కరెక్ట్ అయ్యేవాళ్లు దాదాపు ఐదారుగురిలో ఒకరు ఉంటారు. హాస్టల్లో మాట్లాడేది ఆ ఒక్కడే. మిగతావాళ్లు ఇంట్లో ఫీజు సంగతి ఎలా చెప్పాలా అని తల వంచుకుని ఉంటారు.

నిజంగా గెలిచేవాళ్లు ప్రపంచంలో లేరని నేననను. హాంకాంగ్ గుర్రప్పందేల్లో బిల్ బెంటర్ కంప్యూటర్ మోడల్ పెట్టి గెలిచాడు. బ్రైటన్ ఫుట్‌బాల్ క్లబ్ యజమాని టోనీ బ్లూమ్ వెనక గణితం తెలిసిన పెద్ద టీమే ఉంది. బెట్టింగ్ చట్టబద్ధమైన దేశాల్లో కూడా, మామూలుగా ఆడి వరసగా గెలిచే ఖాతాలకి కంపెనీలు పరిమితి పెట్టేస్తాయి. మంచి పిక్కలు తెచ్చేవాడి బస్తా ఇక దించుకోరన్నమాట.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తా. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి 2020లోనే ఆన్‌లైన్ బెట్టింగ్‌ని నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది. నడిపేవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. అంటే ఐడీ ఇచ్చినవాడు మీరు గెలిచిన డబ్బు ఎగ్గొడితే మీరు వెళ్లి అడిగే చోటు లేదు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఇది: ఓడినవాళ్లకి "నీ బ్యాంకు ఖాతా, సిమ్ ఇవ్వు, కమిషన్ ఇస్తాం" అంటారు. ఇవ్వకండి. ఆ ఖాతాలో తిరిగేది ఎవరి సొమ్మో మీకు తెలియదు, కేసు మాత్రం మీ పేరు మీద వస్తుంది. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఇవాళే బ్యాంకుకి వెళ్లి ఆపించండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అప్పులైపోయి నిద్ర పట్టకపోతే 14416, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. రెండు నంబర్లూ కింద పెడుతున్నా.