పాల్వంచ పాత ప్లాంట్: ఎనిమిది టవర్ల కథ

హోస్ట్: నమస్తే. ఈరోజు పాల్వంచ పాత కేటీపీఎస్, అంటే కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం గురించి. అన్నా, కూలింగ్ టవర్లు కూల్చిన రోజు మీరు ఊళ్లోనే ఉన్నారా?

అతిథి: ఉన్నాను. 2024 ఆగస్టు 5, సోమవారం. ఎనిమిది టవర్లు, ఒక్కోటి వంద మీటర్లకు పైనే. పేలుడు పదార్థాలు అమర్చి, ఉన్నచోటే కూలేలా చేశారు. కళ్లముందే కూర్చుండిపోయాయి. తర్వాత అంతా దుమ్ము. మా వీధిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

హోస్ట్: చాలామంది వాటిని పొగగొట్టాలనుకుంటారు.

అతిథి: చిన్నప్పుడు నేనూ అంతే. నాన్న ఆ ప్లాంట్‌లోనే షిఫ్టుల్లో చేసేవారు. ఒకసారి టవర్ దగ్గరికి తీసుకెళ్లారు. లోపల జోరువాన కురుస్తున్నట్టు ఒకటే హోరు! టర్బైన్‌ను తిప్పిన ఆవిరిని కండెన్సర్‌లో మళ్లీ నీళ్లు చేయాలి కదా. ఆ పనిలో వేడెక్కిన నీళ్లను టవర్‌లో పైనుంచి జల్లులా వదులుతారు. కింది ఖాళీల్లోంచి దూరిన గాలి ఆ వేడిని పట్టుకుని పైకి పోతుంది. తెల్లగా కనిపించేది నీటి ఆవిరే. పొగ పోయే చిమ్నీలు వేరు.

హోస్ట్: అసలు ప్లాంట్ అక్కడే ఎందుకు కట్టారు?

అతిథి: బొగ్గు పక్కనే సింగరేణిలో, నీళ్లు కిన్నెరసానిలో. ఇంకేం కావాలి? 1966లో మొదలైంది. ముందు 60 మెగావాట్లవి నాలుగు యూనిట్లు, డెబ్బైల్లో 120వి మరో నాలుగు. మొత్తం 720.

హోస్ట్: మరి ఎందుకు మూసేశారు?

అతిథి: వయసైపోయింది. పాత యూనిట్లు అంతే కరెంటుకు ఎక్కువ బొగ్గు తింటాయి. 2018 చివర్లో పక్కనే ఏడో దశ వచ్చింది. ఒక్క యూనిటే 800 మెగావాట్లు, పాత ఎనిమిదీ కలిపినదానికన్నా ఎక్కువ! 2020 నాటికి పాతవన్నీ ఆగిపోయాయి. మూయడం సబబే, నేను కాదనను. కానీ ఒక్క టవర్‌నైనా ఉంచి, కింద చిన్న మ్యూజియం పెట్టాల్సింది. యాభై ఏళ్లు రాత్రీపగలూ ఎంతమంది చెమటోడ్చారక్కడ!

హోస్ట్: వాళ్ల జ్ఞాపకాలైనా మిగలాలి.

అతిథి: అందుకే నాన్నతో మొదలుపెట్టాను. ఫోన్‌లో రికార్డు చేస్తున్నా. మెషిన్ బాగున్నప్పుడు ఎలా మోగేదో, బేరింగ్ పాడైతే ఆ మోత ఎలా మారేదో నోటితో చేసి మరీ వినిపిస్తున్నారు.